ఎన్నికలప్పుడు అమెరికా నిజంగానే రెండుగా చీలిపోతోందా? బూత్‌లో పనిచేసిన అనుభవంతో నా జవాబు

అమెరికా రెండు ముక్కలైందంటున్నారు, నిజమేనా, ఈ దేశం ఎటు పోతోంది అని అడిగారు. నేను పెన్సిల్వేనియాలో ఉంటాను. 2020లోనూ 2024లోనూ మా ఏరియా పోలింగ్ బూత్‌లో పనిచేశాను. చీలిక ఉంది. కానీ అది బూత్ లోపల నాకు కనబడలేదు.

ఇక్కడ బూత్‌లో ఒక జడ్జ్ ఆఫ్ ఎలక్షన్స్ (కోర్టు జడ్జి కాదు, బూత్ ఇన్‌చార్జ్), ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు ఉంటారు. ఆ ఇన్‌స్పెక్టర్లు సాధారణంగా చెరో పార్టీ వాళ్లు. ఉదయం 7 నుంచి రాత్రి 8 దాకా పోలింగ్. ఆ తర్వాత లిస్టులో ఎక్కిన ఓటర్ల సంఖ్య, పడిన ఓట్ల సంఖ్య సరిపోవాలి. 2020లో మాకు ఒకటి తేడా వచ్చింది. అలసిపోయి ఉన్నా ఇద్దరు ఇన్‌స్పెక్టర్లూ పక్కపక్కనే కూర్చుని, లిస్టు మీద వేలు పెట్టి పేరు పేరునా చదివారు. ఒక పేరు రెండుసార్లు రాశారని అప్పుడు తేలింది. ఇద్దరూ సంతకాలు పెట్టాక ఫలితాల కాగితం తలుపుకి అంటించాం.

కొన్నాళ్లకు ఆ ఇద్దరిలో రిపబ్లికన్ ఆయన కనిపించి, "మన దగ్గర అంతా సవ్యంగానే జరిగింది. ఫిలడెల్ఫియాలో ఏం చేశారో ఎవరికి తెలుసు?" అన్నారు. ఫిలడెల్ఫియా మా రాష్ట్రంలోనే ఉన్న పెద్ద నగరం, డెమొక్రాట్లకు బలమైన చోటు. నాకు అసలు దిగులు పట్టుకుంది అక్కడే. కళ్లెదుట జరిగిన లెక్కను నమ్మే మనిషి, అదే చట్టం కింద పక్క ఊళ్లో జరిగిన లెక్కను నమ్మడం లేదు.

దీనికి చట్టం కూడా కొంత కారణం. మా రాష్ట్రంలో పోస్టల్ బ్యాలెట్ కవర్లు పోలింగ్ రోజు ఉదయం 7 దాకా తెరవకూడదు. 2020లో అవి సుమారు 26 లక్షలు, ఎక్కువ భాగం డెమొక్రాట్లవి. అవి లెక్కపెట్టడం పూర్తికాక ముందు, ఆ రాత్రి ట్రంప్ ముందున్నారని చూసి పడుకున్నవాళ్లకు, నాలుగు రోజుల తర్వాత బైడెన్ గెలిచారని వినబడింది. అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? ఫ్లోరిడాలో ఆ కవర్ల పని ముందే మొదలుపెడతారు, కాబట్టి చాలావరకు ఆ రాత్రికే తేలిపోతుంది. 2024 నాటికి కూడా మా దగ్గర ఈ రూలు మార్చలేదు, రెండు పార్టీలూ ఒక మాట మీదకు రాలేకపోయాయి.

2024లో గొడవ జరగలేదు. డెమొక్రాట్ అభ్యర్థి కమలా హారిస్ మర్నాడే ట్రంప్ చేతిలో ఓటమి ఒప్పుకున్నారు. అయినా నేను పూర్తిగా ఊరట పడలేదు. 2020లో మోసం అన్న నా పరిచయస్తులే ఈసారి లెక్క బ్రహ్మాండం అన్నారు, అప్పుడు నమ్మిన ఒకరిద్దరు ఇప్పుడు అనుమానపడ్డారు. పద్ధతిలో పెద్ద మార్పేమీ లేదు, గెలిచినవాళ్లే మారారు. మా రాష్ట్రంలో 2016లో తేడా సుమారు 44 వేల ఓట్లు, 2020లో 80 వేలు, 2024లో లక్షా 20 వేలు. దేశ ఫలితాన్ని తేల్చే కొద్ది రాష్ట్రాల్లో మాది ఒకటి. 60-70 లక్షల ఓట్లలో ఇంత స్వల్ప తేడాతో దేశం దారి మారుతుంటే, ఓడిన సగం మంది లెక్కను ఒప్పుకోవడం మీదే అంతా ఆధారపడుతుంది.

కాబట్టి దేశం ఎటు పోతోందంటే, నేను ఎవరు గెలిచారన్నదాని కన్నా లెక్కపెట్టే బల్ల దగ్గర రెండు వైపుల మనుషులూ మిగులుతున్నారా లేదా అని చూస్తాను. 2020 తర్వాత బెదిరింపులు తట్టుకోలేక ఎన్నికల అధికారులు చాలా చోట్ల ఉద్యోగం మానేశారు. ఇక్కడ సిటిజన్‌షిప్ ఉన్న మనవాళ్లు కౌంటీ (జిల్లా లాంటిది) ఎన్నికల ఆఫీసుకు ఫోన్ చేసి బూత్ పనికి పేరు ఇవ్వండి. మీది ఏ పార్టీ అయినా సరే, శిక్షణ వాళ్లే ఇస్తారు.