ఇంటి దగ్గరే ఆగిపోయావు

తమ్ముడూ,

స్వాతంత్ర్య సమరయోధుడు సర్దార్ గౌతు లచ్చన్న గారి సొంతూరు బారువకి నువ్వు వెళ్లొచ్చి, ఆయన మీద రాసిన వ్యాసం చదివాను. ఆయనంటే నీకున్న గౌరవం ప్రతి లైనులో కనిపిస్తోంది, కానీ ఆయన మాత్రం నాకు ఎక్కడా కనిపించలేదు. పుణ్యభూమి, మట్టి పరిమళం, ఫొటోకి దండ, నీ కళ్లలో నీళ్లు... ఊరి పేరు మార్చేస్తే ఏ నాయకుడి ఊరికైనా సరిపోతుంది. కొంచెం గట్టిగానే చెప్తున్నా, ఏమీ అనుకోకు.

1909లో ఆయన పుట్టింది కల్లుగీత కులంలో. ఆ ముక్కని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు, అసలు కథంతా అక్కడే ఉంది కదా! మళ్లీ వెళ్లు. ఇంటి ముందు ఫొటో దిగి వచ్చేయకుండా తాటిచెట్ల వైపు నడు. గీసేవాళ్లు దొరికితే చెట్టెక్కే మోకుతాడు ఎలా బిగిస్తారో, పొద్దునా సాయంత్రం గెలని ఎంత పల్చగా చెక్కుతారో దగ్గరుండి చూడు, నాలుగు రోజులు చెక్కడం మానేస్తే ఇక కల్లు దిగదు. అలాంటి పని మీద బతికే ఇంటికి, మద్యనిషేధం వచ్చి కల్లు గీయడమే నేరమైపోతే పొయ్యి ఎలా వెలుగుతుంది? ఆ గొడవ చివరికి అసెంబ్లీకి చేరింది, 1954 నవంబరులో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది దాని మీదే.

ఇంకోటి చూడు. గాంధీగారి పిలుపు విని 1930లో చదువు మానేసి ఉప్పు సత్యాగ్రహంలోకి దిగిన మనిషి, అదే గాంధీగారు అంతగా కోరుకున్న మద్యనిషేధం దగ్గరికొచ్చేసరికి గీత కార్మికుల పక్కన నిలబడ్డారు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో నాకు చదవాలని ఉంది. నీకు కష్టంగా ఉంటుంది, ఎవరికైనా కష్టమే, అయినా దాన్ని తప్పించుకోవద్దు.

మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోటు గురించి రెండు పేరాలు రాశావు, బాగుంది, సగం తీసెయ్.

పెద్దవాళ్లని "ఆయన గొప్పతనం చెప్పండి" అని మాత్రం అడగొద్దు. అలా అడిగితే మైకు ముందు మాట్లాడినట్టే మాట్లాడతారు. మీ వీధికి వస్తే ఎవరింట్లో కూర్చునేవారు, ఎవరి మీద కోప్పడేవారు, 1967లో గెలిచిన శ్రీకాకుళం లోక్‌సభ సీటుని ఆయన రైతు నాయకుడు ఎన్.జి. రంగా గారి కోసం వదిలేసుకుంటే మీ ఇంట్లో ఏమనుకున్నారు, ఇలా అడుగు. చెప్పింది చెప్పినట్టు, మన యాసలోనే రాసుకో, ఇంటికొచ్చాక దాన్ని పుస్తకాల భాషలోకి దిద్దకు.

మళ్లీ రాశాక పంపు. ఎంత పొడుగైనా చదువుతాను.

మీ అన్నయ్య