గడ్డం ముట్టుకోకు

చిరంజీవి సుధకు,
మామయ్య ఆశీస్సులు.

ఖమ్మంలో ఫొటో స్టూడియోకు అడ్వాన్సు ఇచ్చేశావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ వెంటనే, "నువ్వయినా చెప్పు అన్నయ్యా, ఆడపిల్ల స్టూడియో నడపడమేమిటి" అంది. హైదరాబాదులో ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లోనే ఆడవాళ్ల కోసం జనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఆంగ్ల మహిళ చేతిలో పెట్టాడని చెప్పాను. మీ అమ్మకు దీన్‌దయాళ్ సంగతి అక్కర్లేదు, నువ్వు వేళకు తింటావా లేదా అన్నదే బెంగ. నా బెంగ వేరు. నీకు కెమెరా వచ్చు. మనుషుల్ని కూర్చోబెట్టడం ఇంకా రాదు.

లెన్సుల మీద ఇప్పుడే డబ్బు పోయకు, నీ దగ్గరున్న 50 ఎం.ఎం. లెన్సు చాలు. గది చిన్నదని మరీ మీదికి వెళ్లి తీయకు. ముక్కు లావుగా పడేది లెన్సు వల్ల కాదు, దూరం తగ్గడం వల్ల. ఫోకస్ నీకు దగ్గరగా ఉన్న కంటి మీద పెట్టు. పాస్‌పోర్టు ఫొటోలను చిన్నచూపు చూడకు, అద్దె కట్టేది అవే. అమెరికా వీసాకు వచ్చే పిల్లలకు రెండంగుళాల చదరం; గడ్డం నుంచి నడినెత్తి దాకా 25 నుంచి 35 మిల్లీమీటర్లు ఉండాలి. 2016 నవంబరు నుంచి కళ్లజోడు తీయించాల్సిందే.

క్లోజప్, మిడ్ షాట్, ఫుల్ అని నువ్వు చదువుకున్న మాటలు కొట్టుకు వచ్చేవాళ్లు అనరు. "హాఫ్ ఫొటో" అంటారు. ఒకరి హాఫ్ గుండెల దాకా, ఇంకొకరి హాఫ్ నడుము దాకా. అందుకే నీ ఒంటి మీద చేత్తో గీత గీసినట్టు చూపించి, "ఇక్కడిదాకా చాలా?" అని అడుగు. కీళ్ల దగ్గర ఫ్రేము కోయకు: మోచెయ్యి, మణికట్టు, మోకాలు, చీలమండ. పట్టుచీర కట్టుకొచ్చిన పెళ్లికూతుర్ని సరిగ్గా నడుము దగ్గర కోశావంటే వడ్డాణం సగానికి తెగుతుంది, ఆ ఇంటివాళ్లు ముందు అడిగేది దాన్నే. దానికి పైనే ఆపు, లేదా తొడ మధ్యకు దిగు. ఫుల్ తీస్తే చీర అంచు కింద కాస్త ఖాళీ వదులు.

ఇక అసలు సంగతి. ఫిల్ము రోజుల్లో నా దగ్గర ఒక కుర్రవాడు పనిచేసేవాడు. వెలుతురు ఎటునుంచి వస్తోందో గదిలో అడుగుపెట్టగానే పసిగట్టేవాడు. గుంటూరు దగ్గర ఒక పెళ్లికి వాణ్ని ఒక్కణ్నే పంపాను. పెళ్లికూతురు తల దించుకుని కూర్చుంది. ఎత్తమని చెప్పాడట, ఎత్తలేదు. వీడు దగ్గరికి వెళ్లి రెండు వేళ్లతో గడ్డం పట్టుకుని పైకి లేపాడు. దురుద్దేశం ఏమీ లేదు. ఆ రోజుల్లో అందరం బొమ్మల్ని సర్దినట్టే మనుషుల్ని సర్దేవాళ్లం. పిల్ల మేనత్త చూసి గట్టిగా అరిచింది. పెద్దమనిషి ఒకాయన సర్దిచెప్పాడు, పెళ్లి సాగింది.

ప్రింట్లు వచ్చాక బల్ల మీద వరసగా పరిచాను. గడ్డం పట్టుకోకముందు తీసినవాటిలో సిగ్గు ఉంది, ఆ సిగ్గు చాటున నవ్వూ ఉంది. తరువాతి వాటిలో ఒక్కదానిలోనూ కళ్లు దొరకలేదు. తలంబ్రాల్లో కూడా దోసిలి నిండా బియ్యం పట్టుకుని, భుజం మాత్రం మావాడికి అడ్డం పెట్టింది. వెలుతురు సరిగ్గానే ఉంది, ఫోకస్ సరిగ్గానే ఉంది. ఆల్బమ్ ఇవ్వడానికి నేనే వెళ్లాను. వాళ్లమ్మ పేజీలు తిప్పి, "పిల్ల ఎందుకో దిగులుగా పడింది" అంది. డబ్బు మొత్తం లెక్కపెట్టి ఇచ్చింది. తగ్గించమని అడిగినా నాకు కాస్త తేలికగా ఉండేది.

ఆడపిల్లను కదా, నాకేం భయం అనుకోకు. పోయిన సంక్రాంతికి మీ అమ్మమ్మ పైట కొంగు నువ్వు లాగి సర్దినప్పుడు మా అమ్మ భుజాలు బిగుసుకోవడం నేను చూశాను. సొంత మనవరాలి చేతికే అలా అయితే, పరాయివాళ్ల మాట చెప్పాలా?

చెప్పదలచుకున్నది ముందు నువ్వు చేసి చూపించు. నువ్వు భుజం తిప్పితే వాళ్లూ తిప్పుతారు. కుడి, ఎడమ అనకు. నీ కుడి వాళ్లకు ఎడమ. "కిటికీ వైపు", "గడియారం వైపు" అను. గడ్డం కింద మడత పడుతుంటే తల ఎత్తమనకు, ముక్కు రంధ్రాలు కనబడతాయి. "నుదురు కొంచెం నా వైపు తీసుకురండి" అను, దవడ గీత దానంతట అదే తేలుతుంది. కళ్లజోడు మీద లైటు మెరిస్తే కాడలు చెవుల మీద పిసరంత పైకి లేపమను, అద్దాలు కిందికి వాలి మెరుపు పోతుంది. జుట్టు చెదిరితే చేతికి అద్దం ఇవ్వు. చెయ్యి వేయక తప్పకపోతే "సర్దనా అమ్మా?" అని అడిగి, సరేనన్నాకే వెయ్యి. "నవ్వండి" అని మాత్రం అనకు, పళ్లు తప్ప ఇంకేమీ రావు. పెద్దవాళ్లయితే సొంత ఊరు ఏదని అడుగు, చెబుతున్నప్పుడు తియ్యి.

చీకటి పడ్డాక ఒక్కదానివే ఉన్నప్పుడు లోపలి గదిలో తీయకు, తలుపు తెరిచే ఉంచు. ఇది మీ అమ్మ చెప్పమన్న మాట కాదు, నా మాట. నవ్వుకుంటే నవ్వుకో. నువ్వు కొట్టు మూశాక ఫోను చేసేదాకా నాకు నిద్ర పట్టదని ఇప్పుడే తెలుస్తోంది.

నా మర స్టూలు బస్సు పార్శిల్‌లో వేస్తున్నాను. మనిషిని బట్టి ఎత్తు మార్చుకోవచ్చు. మర బిగుసుకుంది, రెండు చుక్కలు నూనె వెయ్యి. మొదటి వారం తీసిన ఫొటోలు కత్తిరించకుండా, బాగా రానివి కూడా కలిపి నాకు పంపు. బాగున్నవి మీ అమ్మకు చూపించుకో.

నీ
మామయ్య