మందు డబ్బా ఎక్కడ దాచింది?

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ కథ మంగళవారం అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. గీతలు చూసి బెంబేలు పడకు. నచ్చని కథ మీద నేను గీతలు గీయను, పక్కన పెట్టేస్తాను.

లారీ డ్రైవర్ భార్య, మొదటి కాన్పు, ఏడో నెలలో పుట్టింటికి రావడం, నొప్పులతో ఆస్పత్రిలో చేరిన రోజున రక్తపరీక్షలో హెచ్ఐవీ బయటపడటం. ఇక్కడిదాకా కథ నీ చేతిలోనే ఉంది. నాలుగో పేజీలో "తల్లి రక్తంలోని విషం పేగు దారిన బిడ్డలోకి పారింది" అన్నావు చూడు, అక్కడ చెయ్యి జారింది. వాక్యం బాగుంది, విషయం తప్పు. తల్లి రక్తం, బిడ్డ రక్తం మామూలుగా ఒకదానిలో ఒకటి కలవవు. మధ్యలో మాయ అడ్డుంటుంది. ఒక్క మందు బిళ్ల కూడా వేసుకోని తల్లులు నూరు మంది ఉంటే, బిడ్డకు సోకేది 15 నుంచి 45 మంది విషయంలో. అంటే ఎంత చెడ్డా సగానికి పైగా పిల్లలు ఏ మందూ లేకుండానే తప్పించుకుంటారు. తల్లి వేళకు మందులు మొదలుపెట్టి, మానకుండా వాడితే ఆ లెక్క అయిదు లోపుకి దిగుతుంది. రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తక్కువగా ఉంటే ఒక శాతం కూడా ఉండదు. నీ కథలో డాక్టరు "ఇక బిడ్డ సంగతి మర్చిపోండి" అంటాడు. ఏ కాలం డాక్టరమ్మా ఆయన?

ఇలా అంటున్నానని నొచ్చుకోకు. నేనూ ఇదే గోతిలో పడ్డాను. ఇరవై ఏళ్ల పైమాటే, ఒక వారపత్రికకు కథ రాశాను. అందులో మూడు నెలల పాపకు రక్తపరీక్ష చేస్తే పాజిటివ్ వస్తుంది, తాత ఊయల విప్పేస్తాడు. కథకు మంచి పేరే వచ్చింది. తర్వాత ఒక కౌన్సిలర్ నుంచి ఉత్తరం, ఆస్పత్రిలో హెచ్ఐవీ పరీక్షలకు వచ్చేవాళ్లకు సలహాలు చెప్పే ఆమె. "అమ్మా, మీరు చేయించిన పరీక్ష బిడ్డది కాదు, తల్లిది" అని మొదలైంది. వైరస్‌ను ఎదుర్కోవడానికి తల్లి ఒంట్లో తయారైన యాంటీబాడీలు మాయ దాటి బిడ్డలోకి వస్తాయి, 18 నెలల దాకా ఉండిపోవచ్చు. మామూలు పరీక్ష వాటినే చూసి పాజిటివ్ అంటుంది. బిడ్డలో అసలు వైరస్ ఉందో లేదో ఆ పరీక్ష చెప్పదు. నేను ఊయల విప్పించిన పాప బహుశా నిక్షేపంగా ఉండి ఉంటుంది. ఆ ఉత్తరం ఇప్పటికీ నా దగ్గరుంది. ఆ కథను మాత్రం తర్వాత ఏ సంపుటిలోనూ వేయలేదు.

ఇప్పుడైతే ఆరు వారాలకే బిడ్డ మడమ నుంచి నాలుగైదు చుక్కల రక్తం ఒక కాగితం అట్ట మీద తీసి, ఆరబెట్టి, ల్యాబ్‌కు పంపుతారు. వైరస్‌నే వెతికే పరీక్ష అది. తర్వాత కూడా మళ్లీ మళ్లీ చూసి, 18 నెలలకు ఖాయం చేస్తారు. ఆ ఆరబెట్టిన చుక్కలు వెళ్లి, కబురు తిరిగి వచ్చేదాకా ఇంట్లో గడిచే రోజులున్నాయే, నీ కథలో పేజీన్నర వాటికి ఇవ్వు. ఏడుపు సీన్లు తీసేస్తే బోలెడంత చోటు దొరుకుతుంది.

ముందు తేల్చుకోవాల్సింది, కథ ఏ సంవత్సరంలో జరుగుతోందన్నది. ఈ విషయంలో అయిదేళ్లు అటూ ఇటూ అయితే బిడ్డ తలరాతే మారిపోతుంది. 1994కు ముందు తల్లి నుంచి బిడ్డకు రాకుండా ఆపే మందంటూ ప్రపంచంలో లేదు. అమెరికా, ఫ్రాన్స్‌లలో చేసిన అధ్యయనం ఒకటి ఆ ఏడాది వచ్చింది, అందులో జిడోవుడిన్ అనే మందు బిడ్డకు సోకే శాతాన్ని 25.5 నుంచి 8.3కు దించింది. కానీ ఆ పద్ధతి ఖరీదైనది, పొడుగాటిది. 1999లో ఉగాండాలో ఇంకో దారి దొరికింది. నొప్పులు మొదలవగానే తల్లికి నెవిరపిన్ బిళ్ల ఒకటి, పుట్టిన మూడు రోజుల్లోపు బిడ్డకు కాస్త సిరప్. అంతే. మన దేశంలో ప్రభుత్వ కార్యక్రమం 2002లో మొదలైంది ఆ ఒక్క బిళ్లతోనే. 2004 ఏప్రిల్‌లో ఏఆర్‌టీ, అంటే వైరస్‌ను అణిచే మందులు, ఉచితంగా ఇవ్వడం కొన్ని రాష్ట్రాల్లో మొదలైంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. కేసులు ఎక్కువున్న ఆరు రాష్ట్రాల్లో మనదీ ఉండేది మరి. 2014 నుంచి గర్భిణికి పాజిటివ్ అని తేలితే చాలు, సీడీ ఫోర్ లెక్క, అంటే ఒంట్లో రోగాన్ని ఎదిరించే కణాల లెక్క, ఎంతున్నా జీవితాంతం మందులు ఇస్తున్నారు. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒక్క బిళ్లే. నీ కథలో ఒకచోట స్మార్ట్‌ఫోన్, ఇంకోచోట 1999 నాటి నిస్సహాయత. రెండూ ఒక పేజీలో ఇమడవు.

ఇక అసలు సంగతి. ప్రమాదం పెంచేవి ఏమిటని డాక్టర్లను అడిగితే మొదట వైరల్ లోడ్ అంటారు, అంటే తల్లి రక్తంలో వైరస్ ఎంతుందన్న లెక్క. మిగతావన్నీ దాని తర్వాతే. ఈ మాట నీకు కథలో పనికిరానట్టు కనిపిస్తుంది. అదే ఇంట్లో ఎలా ఉంటుందో ఆలోచించు. ముప్పై బిళ్లల ప్లాస్టిక్ డబ్బా ఊపితే గలగలమంటుంది. అత్తగారింట్లో ఆ చప్పుడు ఎవరూ వినకూడదు. కొందరు లేబుల్ చించేస్తారు, కొందరు లోపల దూది కుక్కుతారు, కొందరు బలం బిళ్లలని చెబుతారు. బియ్యం డబ్బాలో దాచిన మందుకు, వంటింట్లో పదిమంది చుట్టాలున్న రోజున చెయ్యి వెళ్లదు. సీమంతం రోజు ఒకటి పోతుంది, పుట్టింటికి బస్సెక్కిన రోజు ఇంకోటి. పుట్టిల్లు వేరే జిల్లా అయితే మందులు అయిపోయాక ఏ సెంటర్‌కు వెళ్లాలి, అమ్మకు ఏం చెప్పి బయల్దేరాలి? ఇలా వారాలకు వారాలు మందు తప్పితే లోపల వైరస్ మళ్లీ పెరుగుతుంది. నీ కథానాయిక కాన్పయ్యాక మందు డబ్బా ఎక్కడ దాచిందో నువ్వు చెప్పగలిగితే, వైరల్ లోడ్ అన్న మాట కథలో రాయనక్కర్లేదు.

నీ కథలో ఆమెకు విషయం కాన్పు రోజునే తెలిసింది కదా. అంటే మందు పనిచేయడానికి నెలలు లేవు, అది పెద్ద ప్రమాదమే. కానీ అప్పుడూ చేతులెత్తేయరు. తల్లికి వెంటనే మందులు మొదలుపెడతారు, బిడ్డకు పుట్టగానే సిరప్ పడుతుంది. మామూలుగా 6 వారాలు పోస్తే, ఇలాంటి బిడ్డకు 12 వారాలు పోస్తారు. మరి ముందు నెలల్లో ఎందుకు తెలియలేదు? నువ్వు చెప్పలేదు. నేనైతే ఇలా రాస్తాను. మూడో నెలలో పరీక్ష చేశారు, నెగిటివ్ వచ్చింది, కాగితం మడతపెట్టి చీరల కింద పెట్టుకుంది. సంక్రాంతికి భర్త ఇంటికొచ్చాడు. ఆయన పరీక్ష ఎప్పుడూ చేయించుకోలేదు. కొత్తగా సోకిన వారాల్లో వైరస్ ఒంట్లో ఉప్పెనలా పెరుగుతుంది, కడుపుతో ఉన్నప్పుడో పాలిస్తున్నప్పుడో కొత్తగా సోకితే బిడ్డకు ముప్పు బాగా ఎక్కువ. చీరల కింద ఆ నెగిటివ్ కాగితం చూసుకుని ధైర్యంగా ఉంది ఆమె. దీనికి మించిన మలుపు నీకేం కావాలి?

కాన్పు సీన్‌లో ఆపరేషన్ చేస్తేనే బిడ్డ దక్కుతుందని రాశావు. ఒకప్పుడు, వైరస్‌ను గట్టిగా అణిచే మందులు లేని రోజుల్లో, ముందే సిజేరియన్ చేస్తే ప్రమాదం తగ్గేది. ఇక్కడి పద్ధతిలో హెచ్ఐవీ ఒక్కటే కారణంగా కోత పెట్టరు, మామూలు కాన్పుకే చూస్తారు. వైరస్ ఎక్కువున్న తల్లికి ఉమ్మనీరు పోయి నాలుగు గంటలు దాటితే, నెలలు నిండకుండా కాన్పయితే, పట్టకారు వేసి లాగాల్సి వస్తే, చికిత్స చేయని సిఫిలిస్ లాంటి సుఖవ్యాధి ఉంటే ప్రమాదం పెరుగుతుంది. ఉమ్మనీరు పోయాక ఆటో దొరక్క గడిచిన గంటలు నీ కథలో ఇప్పటికే ఉన్నాయి. నీకు తెలియకుండానే సరిగ్గా రాశావు. వాటిని ఇంకాస్త సాగదీయి.

పాల సంగతికొస్తాను, ఇక్కడ మన ఇళ్ల గురించి నీకు నాకంటే బాగా తెలుసు. పుట్టగానే నాలిక్కి తేనె రాస్తారు, ఆముదం పోస్తారు, ఏడిస్తే గ్లూకోజ్ నీళ్లు, పాలు చాలడం లేదని గేదెపాలు. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో చేసిన అధ్యయనం ఒకటి 1999లో వచ్చింది. ఒట్టి తల్లిపాలు తాగిన పిల్లల కంటే, తల్లిపాలతో పాటు పైపాలూ నీళ్లూ పట్టిన పిల్లలకే ఎక్కువగా సోకిందని అందులో తేలింది. ఆ పైపాలూ నీళ్లూ బిడ్డ పేగు లోపలి పొరను గాయపరిచి వైరస్‌కు దారిస్తాయని అనుకుంటారు. మందులు సరిగా వాడే తల్లికి ఇప్పుడు ఈ భయం బాగా తగ్గింది. అయినా సెంటర్‌లో కౌన్సిలర్లు చెప్పేది, ఆరు నెలలు తల్లిపాలే, పైన ఇంకేదీ వద్దని. చనుమొనలు పగిలినా, రొమ్ముకు గడ్డ లేచినా, బిడ్డకు నోటిపూత వచ్చినా జాగ్రత్తపడమంటారు. ఇప్పుడు నీ అమ్మమ్మ పాత్రను చూడు. మనవడి మీద ప్రేమతో తేనె గిన్నె పట్టుకొచ్చింది. వద్దనడానికి కూతురు చెప్పగల కారణం ఒక్కటే, అది నోట రాదు. నీ ప్రతిలో అమ్మమ్మ ఉత్త గయ్యాళి. ఆమెను మంచిదాన్ని చెయ్యి, అప్పుడు ఆ గిన్నె చూస్తే చదివేవాళ్లకు టెన్షన్ పుడుతుంది.

వార్డులో నర్సు అందరి ముందూ గట్టిగా చెప్పేసే సీన్ గురించి కూడా ఒక మాట. ఇలాంటివి జరిగాయి, కాదనను. కానీ 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం ఒకరి హెచ్ఐవీ సంగతి వాళ్ల ఒప్పుదల లేకుండా బయటపెట్టకూడదు. కథ ఇప్పటిదైతే, ఆ మంచాల మధ్య ఎవరో ఒకరికైనా ఆ విషయం తెలిసి ఉండాలి కదా.

చివరగా "పాపం తెలియని పసికందు" అని మూడుచోట్ల వాడావు. అంటే పాపం తెలిసినది తల్లి అనే కదా అర్థం? మూడూ కొట్టేశాను. "ఎయిడ్స్ తల్లి" కూడా. సెంటర్ దగ్గర వాళ్లలో వాళ్లు "మందులు వాడుతున్నావా అక్కా?" అని అడుగుతారు, అంతకు మించి పేరు పెట్టరు. ఆ మాట వాడుకో.

ఒకసారి మీ జిల్లా ఆస్పత్రికి వెళ్లి కౌన్సిలర్‌ను కలువు. రచయితనని చెప్పి అనుమతి అడుగు, పేషెంట్లను మాత్రం ప్రశ్నలు వేయకు, బయట బెంచీ మీద కాసేపు కూర్చుని రా. కొత్త ప్రతి పంపేటప్పుడు అక్షరాలు కాస్త పెద్దవిగా కొట్టు, నా కళ్లద్దాల నంబరు మళ్లీ మారింది. మీ అమ్మగారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ అత్తయ్య