హైదరాబాద్‌లో ఉంటూ సముద్ర తీరం కోసం ఏం చేయొచ్చు?

హైదరాబాద్‌లో ఉద్యోగం, నెలకో వారాంతం ఖాళీ, తీరాన్ని బాగుచేసే పనిలో నిజంగా పనికొచ్చేలా ఏం చేయాలి అని అడిగారు. మాది బాపట్ల వైపు, ఉండేది నిజాంపేటలో. ఏటా తాబేళ్ల సీజన్‌లో ఊరెళ్లి మత్స్యకారులతో కలిసి పనిచేస్తుంటాను కాబట్టి నేరుగా చెప్తాను. మీ అంతట మీరు బృందాన్ని కట్టి కొత్తగా ఏదీ మొదలుపెట్టకండి. అక్కడ ఏళ్లుగా పనిచేస్తున్నవాళ్ల దగ్గరికి వెళ్లి, వాళ్లు చెప్పిన పని చేయండి.

మా ఊరి దగ్గర ఒకసారి ఒక కంపెనీ వాళ్లు బీచ్ శుభ్రం చేయడానికి వచ్చారు. సీసాలు, బిర్యానీ ప్యాకెట్లు ఏరారు, మంచిదే. కానీ ఇసుక మీద పాకిన తీగలన్నీ పిచ్చిమొక్కలనుకుని పీకేసి కుప్పలు పోశారు. అది బాలబంది తీగ, ఊదారంగు పూలు పూస్తుంది. ఆ తీగా, రావణాసురుడి మీసాలు అనే ముళ్లగడ్డీ కలిసి గాలికి కొట్టుకొచ్చే ఇసుకని పట్టి ఆపితేనే తిన్నె కడుతుంది, తిన్నె ఉంటేనే తుఫాను అలల జోరు ఊరిదాకా రాకుండా కొంతైనా తగ్గుతుంది. ఆ కుప్పలు చూసి మా పెద్దమ్మ "ఇంక ఈదురుగాలి వస్తే ఇసుకంతా మన ఇళ్లలోకే" అంది.

తాబేళ్ల పనికైతే మనిషి సాయం నిజంగా కావాలి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా రాత్రిపూట ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. తెల్లారకముందే మావాళ్లు తీరం వెంట నడుస్తారు. ఇసుకలో కాళ్లు ఈడ్చుకెళ్లిన జాడ కనబడితే దాని వెంటే వెళ్లి, ఇసుక చెదిరిన చోట చేతివేళ్లతో మెల్లగా తీస్తారు. మోచేతి లోతున తెల్లగా, మెత్తగా గుడ్లు, ఒక్కో గుంటలో దాదాపు వంద దాకా ఉంటాయి. కుక్కలూ నక్కలూ తవ్వి తినకముందే వాటిని అటవీ శాఖ హ్యాచరీకి, అంటే గుడ్లు పిల్లలయ్యేదాకా కాపాడే చోటికి, చేర్చాలి. అదీ పెట్టిన కొద్ది గంటల్లోనే, గుడ్డు దొర్లకుండా, లేకపోతే లోపల పిండం చచ్చిపోతుంది. అంతే లోతు గుంటలో పూడ్చి, తేదీ, గుడ్ల లెక్క రాసిన చీటీని కర్రకి కడతారు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. ఇసుక వేడిని బట్టి ఆడా మగా తేలుతుంది కాబట్టి హ్యాచరీ మీద నీడ కూడా చూసుకోవాలి. పిల్లలు వెలుతురు ఎటుంటే అటు పాకుతాయి, అందుకే రిసార్టుల లైట్లంటే నాకు ఒళ్లు మండుతుంది.

మరబోట్ల వలల్లో చిక్కి, ఊపిరికి పైకి రాలేక చచ్చిపోయిన తల్లి తాబేళ్లు ఒడ్డుకి కొట్టుకొస్తుంటాయి. 61 రోజుల చేపల వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలయ్యేసరికి గుడ్లు పెట్టే కాలం చాలావరకు అయిపోతుంది. వలలో తాబేలు తప్పించుకునే దారి పెట్టించడం, దాన్ని అమలు చేయించడం ప్రభుత్వం పని. ఆ ఒత్తిడి నగరంలో ఉన్న మనం తేగలం.

మడ అడవులకి మొక్కలు నాటుదామని చాలామంది ఉత్సాహంగా వస్తారు. మడ చచ్చిపోయిన చోట చాలాసార్లు పోటు నీళ్లు లోపలికి రాక, వచ్చినవి బయటికి పోక, నేలలో ఉప్పు పేరుకుని ఉంటుంది. అక్కడ ఎన్ని మొక్కలు పెట్టినా మాడిపోతాయి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ ఊళ్లవాళ్లతో కలిసి ముందు కాలవలు తవ్వించింది. మధ్యలో పెద్ద కాలవ, దానికి రెండు వైపులా చేప ముల్లులా ఏటవాలుగా పిల్ల కాలవలు. పోటుకి నీళ్లు ఎక్కి, పాటుకి దిగుతుంటే ఉప్పు కడుక్కుపోతుంది, ఆ తర్వాతే నాటడం. ఆ కాలవల్లో పూడిక మళ్లీ మళ్లీ తీస్తుండాలి, అది ఊళ్లో ఉండేవాళ్లే చేయగలరు. మీరు ఆ కూలికి డబ్బు సర్దితే చాలా పెద్ద సాయం.

ఇంకోటి. మన నల్లాల్లోకి వచ్చే కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్‌వే. ఆ నది మీది ఆనకట్టల వెనకే ఒండ్రు ఆగిపోతోంది, కింద డెల్టాకి కొత్త మట్టి సరిగా అందక తీరం కోతకి గురవుతోంది. అందుకే ఇది అక్కడివాళ్ల గొడవ అని నేను అనుకోలేను.

జనవరి చివర్లో రండి. రాత్రి ట్రైను ఎక్కితే తెల్లారేలోపు బాపట్లలో దిగొచ్చు. ముందే అక్కడి అటవీ శాఖ ఆఫీసులో అడిగి, కాపలా తిరిగేవాళ్లతో పాటే నడవండి. ఎర్ర లైటు టార్చి తెచ్చుకోండి, ఫ్లాష్ కొట్టొద్దు, కారు ఇసుక మీదకి ఎక్కించొద్దు. రావడం కుదరకపోతే రాత్రి కాపలావాళ్ల కూలికీ, హ్యాచరీ చుట్టూ కట్టే వలకీ డబ్బు పంపండి. సీజన్ మధ్యలో ఎక్కువగా కరువయ్యేది దానికే.