ఐస్‌లాండ్‌లో చలికన్నా గాలికి జాగ్రత్త పడు

చి. మాధవికి ఆశీస్సులు.

ఐస్‌లాండ్ అనగానే అందరూ చలి గురించే భయపెడతారు. నిజానికి రాజధాని రేక్యావిక్‌లో నడి శీతాకాలంలో కూడా ఉష్ణోగ్రత చాలావరకు సున్నాకి అటూ ఇటూగానే ఉంటుంది. అక్కడ ప్రయాణాన్ని చెడగొట్టేది గాలి.

అక్కడి వాతావరణ శాఖ గాలి వేగాన్ని సెకనుకి ఇన్ని మీటర్లని చెబుతుంది. దాన్ని 3.6తో గుణిస్తే గంటకి కిలోమీటర్లు తెలుస్తాయి. 15 అంటే 54, 20 అంటే 72. అంకె చిన్నదని మోసపోకు. 15 దాటితే ఎత్తయిన క్యాంపర్ వ్యాన్ (లోపలే పడుకునే వీలున్న బండి) తీయొద్దు. 20 దాటితే కారు కూడా వద్దు, బసలోనే ఉండిపో. కొండల పక్కన ఒక్కసారిగా వచ్చే విసురు ఇంకా ఎక్కువ ఉంటుంది.

అద్దె కార్లకి అక్కడ తరచూ తలుపులు దెబ్బతింటాయి. వెనకనుంచి గాలి కొడుతున్నప్పుడు తలుపు కాస్త తీస్తే చాలు, చేతిలోంచి లాక్కుపోయి బందులు వంగిపోతాయి. దానికి మామూలు బీమా వర్తించదు. కాబట్టి బండి ముక్కు గాలికి ఎదురుగా ఉండేలా ఆపు. అప్పుడు గాలి తలుపుని మూసే వైపే నెడుతుంది. దిగేముందు అద్దం కొంచెం దించి గాలి ఎటుందో చూసుకో. తలుపు అంచు గట్టిగా పట్టుకునే తీయి. ఒకసారికి ఒక్క తలుపే. రెండు పక్కలా ఒకేసారి తీస్తే గాలి కారు లోపలినుంచి దూసుకుపోతుంది. కంకర రాళ్ల దెబ్బలకీ, ఇసుక, అగ్నిపర్వతాల బూడిద మోసుకొచ్చే గాలికీ బీమా విడిగా అడిగి తీసుకో. దక్షిణ తీరంలో ఇసుక తుఫాను వస్తే కారు రంగు గీరుకుపోతుంది.

దేశం చుట్టూ తిరిగే 1వ నంబరు రోడ్డు సుమారు 1,300 కిలోమీటర్లు. ఐదు రోజుల్లో చుట్టేద్దామనుకోకు. కనీసం ఎనిమిది రోజులు పెట్టుకుని, రెండు రోజులు ఖాళీగా వదిలెయ్. గాలి ఆపేసిన రోజుకి అవే పనికొస్తాయి. డిసెంబరులో అయితే పగటి వెలుగు నాలుగైదు గంటలే. 'ఎఫ్' అక్షరంతో మొదలయ్యే కొండ రోడ్లు వేసవిలోనే తెరుస్తారు, వాటికి ఫోర్‌వీల్ డ్రైవ్ తప్పనిసరి. వాగు దాటుతుండగా ఇంజన్‌లోకి నీళ్లు పోతే ఖర్చంతా నీదే. మొదటిసారికి వాటి జోలికి పోకు.

తారు రోడ్డు అయిపోయి కంకర మొదలయ్యే చోటికి రాకముందే వేగం తగ్గించు. కంకర మీదికి వచ్చాక బ్రేక్ తొక్కితే బండి జారుతుంది. మనుషులుండని పెట్రోలు బంకుల కోసం పిన్ ఉన్న కార్డు దగ్గర పెట్టుకో. ట్యాంకు సగానికి రాగానే నింపించు.

ఒంటికి ఆనుకుని ఉన్ని బనియన్, పైన ఫ్లీస్ (మెత్తటి వెచ్చని స్వెటర్ లాంటిది), ఆపైన గాలీ వానా ఆపే కోటు. జీన్స్ తడిస్తే ఆరదు, వద్దు. గొడుగు అసలే వద్దు.

రెయినిస్‌ఫ్యారా నల్ల ఇసుక తీరంలో సముద్రానికి వీపు పెట్టి ఫొటోలు దిగకు. ఉన్నట్టుండి ఒక పెద్ద అల చాలా పైకి వచ్చి మనుషుల్ని లాగేస్తుంది. అక్కడ ప్రాణాలు పోయాయి.

మంచులో బండి ఇరుక్కుంటే దిగి నడవకు. అత్యవసర నంబరు 112కి ఫోన్ చేసి కారులోనే ఉండు. ఇంజన్ వేసే ముందు సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసెయ్. అది మూసుకుపోతే విషవాయువు లోపలికి వస్తుంది. మంచు పడుతూనే ఉంటే మళ్లీ మళ్లీ దిగి చూసుకోవాలి.

మీ బాబాయి