గే అని నేవీ నుంచి పంపేశారు... ఆ కాగితం మార్చుకోవచ్చా?

ప్రశ్న: గ్రీన్‌కార్డు మీద అమెరికా వచ్చి 2004లో నేవీలో చేరాను. నేను గే అని పైవాళ్లకు తెలిసి 2008లో పంపేశారు. వేరే తప్పేమీ లేదు. సర్వీసు నుంచి బయటికొచ్చేటప్పుడు ఇచ్చే డిడి 214 కాగితం మీద డిశ్చార్జ్ 'జనరల్' ('హానరబుల్' కంటే ఒక మెట్టు కింద) అనీ, కారణం 'హోమోసెక్సువల్ అడ్మిషన్' (గే అని ఒప్పుకోవడం) అనీ ఉంది. ఉద్యోగానికి వెళ్లి ఆ కాగితం చూపించాలంటే ఇప్పటికీ టెన్షన్. ఇన్నేళ్ల తర్వాత మార్చుకునే వీలుందా? లాయర్‌ని పెట్టుకోవాలా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: వీలుంది. మీ టెన్షన్ నాకు తెలుసు. నా దగ్గరికి వచ్చిన ఒకాయన డిడి 214 కింది భాగం కనపడకుండా లోపలికి మడిచి మడిచి, చివరికి కాగితం ఆ మడత దగ్గరే చిరిగిపోయింది. 24వ గడిలో డిశ్చార్జ్ రకం, 28వ గడిలో కారణం ఉంటాయి. ఆయన దాచుకున్నవి ఆ రెండే.

మిమ్మల్ని పంపేసిన 'డోంట్ ఆస్క్, డోంట్ టెల్' విధానం (గే అని బయటపడితే సైన్యంలో ఉండనివ్వని పద్ధతి) 2011 సెప్టెంబర్ 20న పోయింది. అదే రోజు పెంటగాన్ (అమెరికా రక్షణ శాఖ) సైనిక రికార్డుల దిద్దుబాటు బోర్డులకు ఒక ఆదేశం ఇచ్చింది. కేవలం ఆ కారణంతోనే పంపేసి ఉంటే, దానితో పాటు వేరే దుష్ప్రవర్తన లేకపోతే, సాధారణంగా అర్జీని ఒప్పుకోవాలన్నది దాని సారాంశం. మీ విషయం సరిగ్గా అదే.

అర్జీ పెట్టేముందు ఒకటి చూసుకోండి. అడగకపోయినా పెంటగాన్ తనంతట తాను 851 పాత కేసులు తిరగేసి, 800 మందికి పైగా డిశ్చార్జ్ మెరుగుపరిచినట్టు 2024 అక్టోబర్‌లో ప్రకటించింది. వాటిలో మీదీ ఉండొచ్చు, ఉత్తరం పాత అడ్రసుకి వెళ్లి ఉండొచ్చు. సెయింట్ లూయిస్‌లోని రికార్డుల కేంద్రం నుంచి మీ కాగితాలు తెప్పించుకోండి.

మారలేదంటే, డిశ్చార్జ్ రివ్యూ బోర్డుకు వెళ్లడానికి ఉన్న 15 ఏళ్ల గడువు మీకు దాటిపోయింది. నేవీ రికార్డుల దిద్దుబాటు బోర్డుకు డిడి 149 ఫారం పెట్టాలి. దానికీ మూడేళ్ల గడువుంది కానీ, న్యాయం కోసం దాన్ని పక్కనపెట్టే అధికారం బోర్డుకుంది. గడువు పక్కనపెట్టమని ఫారంలోనే అడగండి. ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు, మాజీ సైనికుల సంఘాలు ఉచితంగా సాయం చేస్తాయి. 2025లో శాన్‌ఫ్రాన్సిస్కో ఫెడరల్ కోర్టులో కుదిరిన రాజీ మీలాంటి వాళ్లకు ఈ దారిని ఇంకొంచెం సులువు చేసింది. ఆ సంఘాల వాళ్లను దాని గురించి కూడా అడగండి.

అర్జీలో మాత్రం 'క్షమించండి' అన్న మాట రాయకండి. మీరు దయ కోరడం లేదు. తప్పు రాసినవాళ్లను దిద్దమంటున్నారు. నాలుగేళ్లు ఏ పని చేశారు, ఏ మెడల్స్ వచ్చాయి, అవి రాయండి.

2024 జూన్‌లో బైడెన్ ఇచ్చిన క్షమాభిక్ష మీకు వర్తించదు. అది సైనిక కోర్టులో శిక్ష పడ్డవాళ్లకు.

'జనరల్' ఉన్నా వీఏ (మాజీ సైనికుల శాఖ) ఆసుపత్రి వైద్యానికి అది అడ్డు కాదు. బోర్డు తీర్పు కోసం ఆగకుండా ఇప్పుడే దరఖాస్తు చేయండి. చదువుకిచ్చే జీఐ బిల్‌కి మాత్రం 'హానరబుల్' కావాలి.

పాతదానికి సవరణ కాగితం అంటించి ఇస్తామంటే ఒప్పుకోకండి, పాత మాట అందులో అలాగే కనిపిస్తుంది. కొత్త డిడి 214 కావాలని అర్జీలోనే అడగండి. అది చేతికొచ్చాక 28వ గడిలో 'సెక్రటేరియల్ అథారిటీ' (అసలు కారణం బయటపెట్టని మాట) అని ఉందో లేదో, 27లో తిరిగి చేరే కోడ్ మారిందో లేదో సరిచూసుకోండి.