టైల్స్ తీయించే ముందు ఎఫ్‌డీ తీయకండి

ప్రశ్న: తిరుపతిలో మాకు మిద్దె ఇల్లు ఉంది. పైభాగాన్ని నెలకు 9,000 రూపాయల బాడుగకు ఇచ్చాం. అక్కడి బాత్రూంలో గోడ పైభాగం, సీలింగ్ నల్లగా బూజు పట్టాయి. టైల్స్ అన్నీ తీసి వాటర్‌ప్రూఫింగ్ చేయాలని, 60,000 అవుతుందని మేస్త్రీ అంటున్నారు. లక్ష రూపాయల ఎఫ్‌డీ తీయాలా, పర్సనల్ లోన్ తీసుకోవాలా?

జవాబు: ఇప్పుడే రెండూ వద్దు. తడి ఎక్కడినుంచి వస్తోందో తేలకుండా టైల్స్ మారిస్తే, కొత్త టైల్స్ పైన కూడా అదే బూజు పడుతుంది.

ముందు పైసా ఖర్చు లేని పరీక్ష చేయండి. టైల్స్ లేని చోట గోడను తుడిచి ఆరనివ్వండి. అడుగు చదరం మందపాటి ప్లాస్టిక్ కవరు అంటించి నాలుగు అంచులకూ టేపు వేసి రెండు రోజులు వదిలేయండి. కవరు వెనక, గోడవైపు తడి చేరితే నీళ్లు గోడలోంచి వస్తున్నట్టు. కవరు బయటివైపు మాత్రమే తడిస్తే అది స్నానపు ఆవిరి. రాత్రి కుళాయిలు, ఫ్లష్ వాల్వు కట్టేసి ట్యాంకులో నీటిమట్టం గుర్తుపెట్టుకోండి. పొద్దున్నకు తగ్గితే పైపు లీకు. సీలింగ్ తడి వానల తర్వాతే పెరుగుతుంటే లోపం మిద్దెపైన ఉంది. బాత్రూం టైల్స్‌కు పెట్టిన డబ్బు వృథా.

ఆవిరే అయితే మూడు వేలలోపు తేలిపోతుంది. ఆరు అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించండి. స్నానం అయ్యాక అరగంట తిరగాలి. తలుపు కింద అరంగుళం సందు లేకపోతే ఫ్యాన్ తిరిగినా గాలి మారదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. 35 వాట్ల ఫ్యాన్ రోజుకు రెండు గంటలు తిరిగినా నెలకు రెండు యూనిట్లే.

ఉన్న బూజును సబ్బునీళ్లతో రుద్ది కడిగాక, లీటరు నీళ్లకు 60 మి.లీ. లిక్విడ్ బ్లీచ్ కలిపి పూసి, పది నిమిషాలాగి కడిగి ఆరబెట్టండి. గ్లౌజులు, మాస్కు వేసుకోండి, కిటికీ తెరవండి. యాసిడ్‌తో గానీ టాయిలెట్ క్లీనర్‌తో గానీ బ్లీచ్ కలపొద్దు, ప్రాణానికి ముప్పు తెచ్చే క్లోరిన్ వాయువు పుడుతుంది. పెచ్చులూడిన పెయింటు మీద బ్లీచ్ పనిచేయదు, గీకి తీయాల్సిందే. వాష్‌బేసిన్ చుట్టూ నల్లబడ్డ సిలికాన్‌నూ కోసి కొత్తది వేయించాలి.

లీకే అని తేలితే ముందు ఆ పైపు ఒక్కటే బాగుచేయించండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన దగ్గర ఈశాన్య రుతుపవనాల వానలు. గోడ ఆరదు, తడి మీద వేసిన పుట్టీ, పెయింటు ఊడిపోతాయి. లోపం మిద్దెపైన ఉంటే దాని వాటర్‌ప్రూఫింగ్ మార్చి నెల తర్వాత పెట్టుకుని, అప్పటిదాకా సగం బాడుగను నెలనెలా ఆర్‌డీలో వేయండి.

అప్పటికీ డబ్బు చాలకపోతే ఎఫ్‌డీ మీదే లోన్ అడగండి. మామూలుగా ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటి రెండు శాతం ఎక్కువ పడుతుంది, అంతే. అదే 60,000 పర్సనల్ లోన్ 14 శాతానికి రెండేళ్లు తీసుకుంటే నెలకు సుమారు 2,880 కట్టాలి, వడ్డీ 9,000 దాటుతుంది, ప్రాసెసింగ్ ఫీజు అదనం.

పన్నులో ఈ ఖర్చు విడిగా తగ్గదు. బాడుగ ఆదాయంలో మున్సిపల్ పన్ను పోగా మిగిలిన దాంట్లో 30 శాతం మినహాయింపు, రిపేరు చేయించినా చేయించకపోయినా, అంతే వస్తుంది. మెల్లగా దిగే చెమ్మకు ఇంటి బీమా కూడా సాధారణంగా వర్తించదు. అందుకే మేస్త్రీకి అడ్వాన్సు ఇచ్చే ముందు ఆ ప్లాస్టిక్ కవరు అంటించి చూడండి.